సెకండ్ హ్యాండ్ కారుకు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంటే మనకు తెలిసేదెలా?

మిర్యాలగూడ_సిటీ

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం చేస్తాను. నా దగ్గర 2013లో తయారైన హోండా సిటీ ఉన్నది. హైదరాబాదులో ఒక మధ్యవర్తి ద్వారా కొన్నాను, అప్పటికే అది ఇద్దరి చేతులు మారి ఉన్నది. ఆ కాలపు కార్లలో ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు లోపలి లోహపు ముక్కలు మనిషికి తగులుతాయని, అందుకే కంపెనీలు వాటిని వెనక్కి పిలిపించి ఉచితంగా మార్చాయని ఈమధ్య ఒక బంధువు చెప్పాడు. నాకు మాత్రం ఏ ఉత్తరమూ రాలేదు, ఫోనూ రాలేదు. మా ఊరి మెకానిక్‌ను అడిగితే, మీటరులో ఎయిర్‌బ్యాగు లైటు వెలగడం లేదు కాబట్టి భయపడవలసిన పని లేదన్నాడు. ఆ మాట నమ్మవచ్చునా? నా కారు ఆ జాబితాలో ఉన్నదో లేదో ఎక్కడ చూసుకోవాలి? ఇన్నేళ్ల తర్వాత కూడా ఉచితంగా మారుస్తారా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు_రసాయనం

మీ మెకానిక్ చెప్పినది సగమే నిజం. ఆ లైటు చూసేది విద్యుత్ వలయాన్ని మాత్రమే. తీగ తెగినా, కనెక్టరు వదులైనా, సెన్సారు పని చేయకపోయినా అది వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగును నింపే ఇన్‌ఫ్లేటరు లోపలి మండే మందు పాడైతే ఆ సంగతి దానికి తెలిసే మార్గం లేదు. మీ బంధువు చెప్పిన లోపం సరిగ్గా ఆ మందులోనే ఉన్నది.

నేను మహబూబ్‌నగర్‌లో చాలాకాలం రసాయనశాస్త్రం బోధించాను కాబట్టి ఈ భాగం కొంచెం విడమరచి రాస్తాను. ఎయిర్‌బ్యాగు గుడ్డసంచిని నింపే వాయువు ముందుగా నిల్వ చేసి ఉంచినది కాదు. ఢీకొన్న క్షణంలో ఇన్‌ఫ్లేటరు అనే చిన్న లోహపు డబ్బాలోని బిళ్లలు మండి, సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో సంచిని నింపుతాయి. జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ ఆ బిళ్లలకు అమోనియం నైట్రేట్‌ను వాడింది. మన జిల్లాల గ్రానైటు క్వారీల దగ్గర పని చేసినవారికి ఈ పదార్థం కొత్త కాదు, గాలిలోని తేమను ఎంత తేలికగా పీల్చుకుంటుందో కూడా వారికి తెలుసు. దానికి స్థిరత్వం రావడానికి తకాటా కొన్ని పదార్థాలు కలిపింది గాని, చాలా ఇన్‌ఫ్లేటర్లలో తేమను పీల్చే మందు పెట్టలేదు. ఏళ్ల తరబడి పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ నడుమ నలుగుతూ, సన్నగా చేరిన తేమను పీల్చుకుంటూ ఆ బిళ్లలు గుల్లబారతాయి. బియ్యం కంటే నూక త్వరగా ఉడికినట్టే, గుల్లబారిన బిళ్ల ఉండవలసిన వేగం కంటే ఎక్కువ వేగంతో మండుతుంది. అప్పుడు లోపలి ఒత్తిడిని డబ్బా తట్టుకోలేక పగిలి, దాని ముక్కలు సంచిని చీల్చుకొని ముందు కూర్చున్నవారి మెడకూ ముఖానికీ తగులుతాయి. చిన్న ప్రమాదంలో గీత కూడా పడకుండా బయటపడవలసిన మనిషి ఎయిర్‌బ్యాగు వల్లనే ప్రాణం పోగొట్టుకోవడం ఇందులోని దారుణం.

కార్ల కంపెనీల తరఫున పరిశోధించిన ఆర్బిటల్ ఏటీకే సంస్థ 2016లో చెప్పిన కారణాలు కూడా ఇవే. తేమ పీల్చే మందు లేని అమోనియం నైట్రేట్, తేమను పూర్తిగా ఆపలేని డబ్బా నిర్మాణం, తేమ ఉన్నచోట మళ్లీ మళ్లీ ఎక్కి దిగే ఉష్ణోగ్రత, ఈ మూడూ కలిసినప్పుడు ప్రమాదం. అమెరికాలో దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిపించారు. అక్కడి రహదారి భద్రతా సంస్థ ధ్రువీకరించిన మరణాలే 28. తకాటా 2017లో నేరం ఒప్పుకొని వంద కోట్ల డాలర్ల మేర చెల్లించడానికి అంగీకరించింది, అదే ఏడాది జూన్‌లో దివాలా తీసింది.

వనపర్తి_వేరుశనగ

పెద్దలు కోపగించుకోకుంటే ఒక మాట. అమెరికా ఫ్లోరిడాలో సముద్రపు గాలి, అక్కడ తేమ ఎక్కువ. మన నల్లగొండలో, పాలమూరులో అంత తేమ ఎక్కడిది? మనది పొడి ఎండ. ఇదంతా సర్వీసు సెంటర్లకు గిరాకీ తెచ్చే భయమని నా అనుమానం. అంత భయమైతే ఎయిర్‌బ్యాగు ఫ్యూజు పీకేస్తే సరిపోతుంది. మా తాతల కాలంలో అంబాసిడర్లకు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా?

పాలమూరు_రసాయనం

కోపమేమీ లేదు, మీ ప్రశ్నలో న్యాయం ఉన్నది. తీరప్రాంతపు కార్లలో ఈ క్షీణత త్వరగా జరిగిందన్నది నిజమే, అమెరికాలో కూడా ముందుగా వేడి, తేమ రెండూ ఎక్కువైన రాష్ట్రాల కార్లనే పిలిపించారు. అయితే మనకు నాలుగు నెలల వానాకాలం ఉన్నది. ఎండాకాలంలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటిన రోజున అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద చేయి పెట్టలేము. ప్రయాణికుడి వైపు ఇన్‌ఫ్లేటరు ఉండేది సరిగ్గా దాని కిందే. పైగా మీ కారు పుట్టినప్పటి నుంచి వనపర్తిలోనే ఉన్నదని ఎవరు చెప్పగలరు? సెకండ్ హ్యాండ్ కారు మొదటి ఐదేళ్లు చెన్నైలోనో విశాఖలోనో తిరిగి ఉండవచ్చును. పొడి ప్రాంతంలో క్షీణత నెమ్మదిస్తుందేమో గాని, కారు వయసు ఏటేటా పెరుగుతూనే ఉంటుంది.

జడ్చర్ల_జాబ్‌కార్డు

నేను ఒక కంపెనీ వర్క్‌షాపులో సర్వీసు అడ్వైజరుగా చాలాకాలం పని చేసి ఇప్పుడు జడ్చర్లలో సొంత గ్యారేజీ నడుపుతున్నాను. ముందుగా గిరాకీ సంగతి చెబుతాను. రీకాల్ పనికి యజమాని దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. విడిభాగం ఖర్చు, కూలి రెండూ కంపెనీవే. ఎవరైనా డబ్బు అడిగితే అది రీకాల్ పనికి కాదు, వేరే పని ఏదో కలిపారని అర్థం. అప్పుడు బిల్లు వేరుగా రాయమని అడగండి.

ఫ్యూజు పీకే ఆలోచన మానుకోండి, వనపర్తి అన్నా. రీకాల్ లేని మంచి ఎయిర్‌బ్యాగును కూడా దానితో పాటు చంపినట్టవుతుంది. కొన్ని కార్లలో ముందు సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనరు కూడా ఆ వ్యవస్థలోనిదే కాబట్టి, ఫ్యూజుతో అదీ పోతుంది.

మిర్యాలగూడ సార్, మీరు చేయవలసినది ఇది. ఆర్సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది, కొత్త కార్లకు అది పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసినది. ఆన్‌లైన్‌లో వాహన వివరాలు చూస్తే కొన్నిచోట్ల చివరి అంకెలను దాచి చూపిస్తారు, కాబట్టి అసలు ఆర్సీని గాని, కారు మీద చెక్కిన నంబరును గాని చూడండి. హోండా ఇండియా కార్లకు అది ఎంఏకేతోను, మారుతి కార్లకు ఎంఏ3తోను, హ్యుందాయ్‌కి ఎంఏఎల్‌తోను, టాటాకు ఎంఏటీతోను మొదలవుతుంది. ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు. గుండ్రంగా కనిపించేది ఏదైనా సున్నాయే. మా దగ్గరకు వచ్చిన చాలామంది సున్నా బదులు ఓ కొట్టి, వెబ్‌సైటు ఒప్పుకోకపోతే తమ కారు జాబితాలో లేదనుకొని తిరిగి వెళ్లిపోయేవారు. ఆ కంపెనీ అధికారిక వెబ్‌సైటులో రీకాల్ విభాగం ఉంటుంది, అక్కడ నంబరు కొడితే మీ కారుకు పని మిగిలి ఉన్నదో లేదో చెబుతుంది. అది కుదరకపోతే ఏ ఊరి అధీకృత సర్వీసు సెంటరుకైనా ఫోను చేసి నంబరు చెప్పండి, వాళ్ల కంప్యూటరులో కనిపిస్తుంది. కారును ఎక్కడ కొన్నారన్నదానితో సంబంధం లేదు.

మీ 2013 సిటీ విషయంలో నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి ఉన్నది. 2018 జనవరిలో హోండా మన దేశంలో 22,834 కార్లను తకాటా ఇన్‌ఫ్లేటర్ల కోసం పిలిపించింది, అవన్నీ 2013లో తయారైనవే. అందులో 22,084 సిటీలు. మిగిలినవి 510 అకార్డులు, 240 జాజ్‌లు. అంతకు ముందు ఏడాది జనవరిలో 2012లో తయారైన 41,580 కార్లను పిలిపించారు, అందులోనూ సిటీలే ఎక్కువ. కాబట్టి మీరు నంబరు చూసుకోవడం ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

సూర్యాపేట_పంతులమ్మ

నా ప్రశ్న కాస్త పక్కదైనా సంబంధం ఉన్నదే. మాది కొత్త మారుతి కారు. కొత్త కార్లకు ఈ ఇబ్బంది ఉండదు కదా?

హైవే65_ట్యాక్సీ

మేడమ్, ఉండదని అనుకోకండి. తకాటాది పాత కథ గాని, రీకాల్ అంటే తకాటా ఒక్కటే కాదు. 2022 ఆగస్టులో మారుతి డిజైర్ టూర్ ఎస్ కార్లను ఎయిర్‌బ్యాగు కంట్రోల్ యూనిట్ కోసం పిలిపించారు. అవి 166 మాత్రమే, ఆ నెల 6 నుంచి 16 వరకు తయారైనవి. మా ట్యాక్సీవాళ్ల బండి అదే కాబట్టి చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా అందరం ఎవరి నంబరు వాళ్లం చూసుకున్నాము. తర్వాత 2023 జనవరిలో 17,362 కార్లు. ఆల్టో కే10, ఎస్‌ప్రెస్సో, ఈకో, బ్రెజ్జా, బలెనో, గ్రాండ్ విటారా, అన్నీ 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైనవి. అక్కడ లోపం తకాటాకు తలకిందులు. ఎయిర్‌బ్యాగు కంట్రోలరు పని చేయక, అరుదుగా ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగూ ప్రీటెన్షనరూ తెరుచుకోకపోవచ్చునని కంపెనీ చెప్పింది. భాగం మార్చేవరకు ఆ కార్లను నడపవద్దని కూడా సూచించింది. షోరూము నుంచి తెచ్చి నెల తిరగని కారుకు అట్లాంటి మాట వచ్చింది.

ఇంకొక రకం కూడా ఉన్నది. 2014లో టయోటా ఇన్నోవాలను స్టీరింగు లోపలి స్పైరల్ కేబుల్ కోసం పిలిపించారు. స్టీరింగు తిరిగినప్పుడల్లా చుట్టుకొనే పలుచని తీగపట్టీ అది. అది తెగితే డ్రైవరు ఎయిర్‌బ్యాగుకు సంకేతం వెళ్లదు. అట్లాంటప్పుడు లైటు తప్పక వెలుగుతుంది, చాలాసార్లు హారను కూడా మోగదు. హారను పోతే మావాళ్లు కొత్త హారను కొనిపెట్టుకుంటారు గాని, లైటు ఎందుకు వెలుగుతున్నదో చూడరు.

జడ్చర్ల_జాబ్‌కార్డు

హైవే అన్న చక్కగా చెప్పాడు. లైటు గురించి ఇంకొక్క మాట. తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం పెట్టుకోవాలి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు పేలిన కారును కొని, కొత్తవి వేయకుండా డ్యాష్‌బోర్డును అతికించి, లైటు వెలగకుండా తీగ కత్తిరించి అమ్మేవారు ఉన్నారు. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు టైర్లు తన్ని చూస్తారు, బోనెట్ ఎత్తి చూస్తారు. తాళం తిప్పి ఆ ఒక్క లైటును గమనించేవారు తక్కువ. ప్రయాణికుడి వైపు డ్యాష్‌బోర్డు మీద గీత, రంగు తేడా, స్టీరింగు నడుమ మూత వదులుగా ఉండడం వంటివి కనబడితే కంప్యూటరు స్కాన్ చేయించండి. వరద నీట మునిగిన కార్లు కూడా చవకగా మన జిల్లాలకు వస్తుంటాయి, కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేరు లివరు దగ్గర, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు మునిగేది అదే.

దేవరకొండ_వకీలు

చట్టం సంగతి నేను చెబుతాను. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తాము రీకాల్ చేసే పద్ధతి ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అనే సెక్షన్ చేర్చి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. యజమానులు ప్రభుత్వ వాహన పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఏటా పదివేలకు పైగా అమ్ముడుపోయే కారు మోడలైతే 1,250 ఫిర్యాదులు చేరినప్పుడు విచారణ మొదలవుతుంది. ఆదేశం ఇచ్చిన తర్వాత కంపెనీ పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా చెల్లించవలసి రావచ్చును. ఈ నిర్బంధ రీకాల్ ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తుంది. నా అభిప్రాయంలో ఇది ఈ చట్టంలోని పెద్ద లోటు, ఎందుకంటే పాలమూరు రసాయనం గారు వివరించిన క్షీణత ఏడేళ్లు దాటిన కార్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. అయితే కంపెనీ తానుగా ప్రకటించిన రీకాల్‌కు ఈ ఏడేళ్ల లెక్కను అడ్డు చెప్పకూడదు. ఛాసిస్ నంబరు జాబితాలో ఉంటే రెండో యజమానైనా, మూడో యజమానైనా పని చేసిపెట్టాలి. వారంటీ ముగిసిందన్న మాట కూడా ఇక్కడ చెల్లదు.

ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చును, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక క్రెటా కారు కేసులో యజమానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ఢీకొన్న వేగం, బలం లెక్కగట్టి ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే భౌతికశాస్త్ర నిపుణుడిగా వినియోగదారుణ్ణి భావించరాదన్నది అందులోని సారాంశం. అట్లాగని ప్రతి ప్రమాదంలోనూ ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలని ఎవరూ అనుకోకూడదు. వెనుక నుంచి లారీ తగిలితే ముందు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడం లోపం కాదు.

సూర్యాపేట_పంతులమ్మ

ధన్యవాదాలు. నంబరు చూసుకున్నాను, మా కారు జాబితాలో లేదు. ఇంకొక సందేహం. మా చిన్నది నాలుగేళ్లది, ఊరికి వెళ్లేటప్పుడు ముందు సీటులో నా ఒడిలో కూర్చుంటానని మారాం చేస్తుంది. బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంటే పరవాలేదా?

పాలమూరు_రసాయనం

అమ్మా, అది మాత్రం ఎన్నడూ చేయకండి. ఇక్కడ లోపమున్న ఎయిర్‌బ్యాగు గురించి మాట్లాడుకుంటున్నాము గాని, ఏ లోపమూ లేని ఎయిర్‌బ్యాగు కూడా ఒడిలోని బిడ్డను చంపగలదు. సంచి పూర్తిగా విచ్చుకోకముందే, అంటే దాని వేగం అత్యధికంగా ఉన్నప్పుడే, బిడ్డ తలకు తగులుతుంది. ఇద్దరికీ కలిపి పెట్టిన బెల్టులో మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది. వెనుక సీటులో, పిల్లల సీటులో కూర్చోబెట్టండి. డ్రైవరు కూడా స్టీరింగుకు ఛాతీ కనీసం పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉండేలా సీటు జరుపుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహాలను అతికించేవారు అక్కడి ఎయిర్‌బ్యాగు మూత ఎటు తెరుచుకుంటుందో చూసి పెట్టడం మంచిది.

వనపర్తి_వేరుశనగ

విగ్రహం సంగతి నాకు తట్టలేదు. సరే, ఫ్యూజు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని ఒకటి అడుగుతాను. రీకాల్ ఉన్నదని తెలిసింది, భాగం రావడానికి సమయం పడుతుందన్నారు అనుకోండి. వేరుశనగ మార్కెట్ రోజుల్లో బండి లేకుండా ఎట్లా గడుస్తుంది?

జడ్చర్ల_జాబ్‌కార్డు

అది ఆ రీకాల్ నోటీసులో ఏమి రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. నడపవద్దని స్పష్టంగా ఉంటే నడపకూడదు, అవసరమైతే కారును వర్క్‌షాపుకు చేర్చే ఏర్పాటు కంపెనీనే అడగండి. అట్లాంటి మాట లేకుండా ప్రయాణికుడి వైపు ఇన్‌ఫ్లేటరు ఒక్కటే జాబితాలో ఉంటే, పని అయ్యేవరకు ముందు ఎడమ సీటులో ఎవరినీ కూర్చోబెట్టకండి. డ్రైవరు వైపైతే ఆ వెసులుబాటు లేదు కదా, వేరే బండి చూసుకోవడమే. విడిభాగం కోసం పేరు రాయించి, రాయించినట్టు మెసేజీనో కాగితమో తీసుకోండి.

ఐరోపాలో ఇప్పటికీ ఇది ముగియలేదు. 2025 జూన్‌లో ఫ్రాన్స్‌లో ఒక మరణం తర్వాత పాత సిట్రోయెన్ సీ3లను రోడ్డు ఎక్కించవద్దని అక్కడి ప్రభుత్వం చెప్పింది. మన దగ్గర 2022లో వచ్చిన సీ3 వేరే కారు, దాన్ని కొన్నవారు ఈ వార్త చూసి కంగారు పడకండి.

మిర్యాలగూడ_సిటీ

మీరందరూ చెప్పినట్టే చేశాను. ఆర్సీ కార్డు మీది నంబరు కొడితే, ప్రయాణికుడి వైపు ఇన్‌ఫ్లేటరు పని మిగిలి ఉన్నదని వచ్చింది. సర్వీసు సెంటరులో అడిగితే, కంపెనీ రికార్డులో ఇంకా మొట్టమొదటి యజమాని చిరునామా, ఫోను నంబరే ఉన్నాయి. ఆయన కారు అమ్మి ఎన్నేళ్లైందో గాని, ఉత్తరాలు, మెసేజీలు అన్నీ ఆయనకే వెళ్లాయి. మొదట కౌంటరులోని అబ్బాయి పాత కారు కదా, ఖర్చవుతుందన్నాడు. వకీలు గారి మాట గుర్తుంచుకొని, ఛాసిస్ నంబరు మీద మిగిలిన రీకాల్ పని అని మేనేజరుకు చూపించగానే పని వివరాలు రాసే జాబ్ కార్డు తెరిచారు.

పని దగ్గరే నిలబడి చూశాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగారు. ఎందుకని అడిగితే, కంట్రోల్ యూనిట్‌లో కొంత విద్యుత్తు నిల్వ ఉంటుందని, అది పోయేదాకా ముట్టుకోకూడదని చెప్పారు. తర్వాత గ్లవ్ బాక్స్ తీసి, పసుపు రంగు కనెక్టరు విప్పి, పాత ఇన్‌ఫ్లేటరు ఉన్న మాడ్యూలును దించారు. పాతదాన్ని నాకు చూపించారు గాని ఇవ్వలేదు, కంపెనీకి తిరిగి పంపాలట. బయటికి అది అరచేతి పొడవు స్టీలు గొట్టంలా మామూలుగానే ఉన్నది.

జడ్చర్ల_జాబ్‌కార్డు

మంచి పని చేశారు సార్. ఆ అబ్బాయికి తెలియక అని ఉంటాడు, రీకాల్ కోడు వేరే తెర మీద వస్తుంది. జాబ్ కార్డులో ఆ రీకాల్ పేరు లేదా కోడు, మార్చిన భాగం, తేదీ ఉన్నాయో లేదో చూసి దాచుకోండి, కారు అమ్మేటప్పుడు కొనేవారు అడుగుతారు. డ్రైవరు వైపు పని అంతకు ముందే అయిపోయిందా, లేక మీ నంబరుకు ఆ పనే లేదా అన్నది కూడా అడిగి రాయించుకోండి, ఎందుకంటే ఒకే కారు రెండు వేర్వేరు రీకాల్‌లలో ఉండవచ్చును. ఇంటికి వెళ్లేముందు వాళ్ల రికార్డులో మీ పేరు, మీ ఫోను నంబరు ఎక్కించమని చెప్పండి. ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మారినంత మాత్రాన కంపెనీ దగ్గర ఆ వివరాలు మారిపోవు.